ఎడమ పక్క తలుపు

నా చిన్నప్పుడు మా ఊళ్లో తెల్లబట్ట తెల్లగా ఉండేది కాదు. మాది బయ్యారం పక్కన చిన్న పల్లె. అక్కడి నేలంతా ఇనుపరాయి. గాలి వీస్తే ఎర్రదుమ్ము, వాన పడితే ఎర్రబురద. పొద్దున ఉతికి ఆరేసిన చీర సాయంత్రానికి మళ్లీ ఎర్రబడేది. మా నాయిన తల్లిని ఇంటిల్లిపాదీ అవ్వ అనే పిలిచేవాళ్లం. ఆమెకు బతుకంతా ఆ దుమ్ముతోనే కొట్లాట. పొద్దున లేస్తే చీపురు, పొద్దుగూకితే తడిగుడ్డ. చెంబు మీద మరక కనబడిందంటే ఆ రోజు కోడళ్లకు తిట్లు తప్పేవి కాదు. నాకు ఆమె పోలికే వచ్చిందంటారు. నిజమే, గిన్నె అడుగున మసి కనబడితే నాకు ఇప్పటికీ అన్నం సహించదు.

అందుకే జనగామలో మా కొడుకింట్లో మనవరాలు ప్లాస్టిక్ మిలిట్రీ బండ్లు ముందేసుకుని కూర్చున్నప్పుడు మొదట్లో నాకు ఒళ్లు మండింది. ముక్కలు ముక్కలుగా డబ్బాలో వస్తాయి. అతికిస్తుంది, సన్నటి కుంచెతో చక్కగా పచ్చరంగు వేస్తుంది. అక్కడితో ఆగితే బాగుండు. మర్నాడు దానికి తుప్పు పూస్తుంది, బురద పూస్తుంది, గీతలు పెడుతుంది. కొత్తదాన్ని పాతది చేయడానికి కూడా రంగులు కొనాలా అని కసిరాను. కానీ కసిరిన నోటితోనే ఆగిపోయాను. ఈ పని నేను ఇదివరకే చూశాను. మా అవ్వ ఇంట్లో, మా చిన్నాయిన చేతుల్లో.

చిన్నాయిన అంటే మా నాయినకు తమ్ముడు. మిలిట్రీలో లారీ నడిపేవాడు. ఎక్కడో కొండల దారిలో పైనుంచి బండరాళ్లు జారి లారీ మీద పడ్డాయి. ఆయన కాలు విరిగింది. పక్కన కూర్చున్న దోస్తు అక్కడికక్కడే పోయాడు. ఆ దోస్తుది కొడకండ్ల. ఇద్దరూ ఏళ్ల తరబడి ఒకే బండి మీద తిరిగారు. చిన్నాయిన స్టీరింగు పట్టుకుంటే దోస్తు ఎడమ పక్కన కూర్చునేవాడు. చిన్నాయిన నౌకరీ వదులుకుని కుంటుకుంటూ ఇంటికి వచ్చాడు. వచ్చిన దగ్గర నుంచి మనిషి ఉన్నాడంటే ఉన్నాడు, అంతే. మాట లేదు.

అట్లా ఉండగా మా వైపు మిరప కోతకు వచ్చిన కూలోళ్లతో కొడకండ్ల నుంచి కబురు వచ్చింది. దోస్తు తల్లి పంపింది. నా కొడుకు ఎటువంటి బండిలో తిరిగాడో, ఎక్కడ కూర్చున్నాడో ఒక్కసారి వచ్చి చెప్పిపొమ్మని. ఆమెకు మిలిట్రీవాళ్లు పంపిన ట్రంకుపెట్టె, అందులో మడతపెట్టిన బట్టలు తప్ప ఏమీ దక్కలేదు. కొడుకు చివరిసారి కూర్చున్న చోటు ఎట్లా ఉంటుందో కూడా తెలియదు. చిన్నాయిన కబురు విని ఎన్నో రోజులు ఊరికే తిరిగాడు. నోటితో చెప్పడం ఆయన వల్ల కాదు. చేతితో చెబుదామనుకున్నాడు.

మెత్తటి కట్టె చెక్కి, నూనె డబ్బా రేకు కత్తిరించి, మూరెడు పొడవు లారీ చేశాడు. పాత సైకిల్ ట్యూబుతో టైర్లు, తన ఖాకీ అంగీ చింపి వెనక టాపు. తలుపులు తెరుచుకునేవి. లోపల తీగె వంచి చేసిన స్టీరింగు, రెండు సీట్లు. పచ్చరంగు వేసి అరుగు మీద పెట్టిన రోజు ఊరు ఊరంతా వచ్చి చూసిపోయింది. ఆయన ఇంటికొచ్చాక మా అవ్వ నవ్వడం నేను అప్పుడే చూశాను.

మర్నాడు చిన్నాయిన దాన్ని పాడు చేయడం మొదలుపెట్టాడు. మా ఊరి ఎర్రమట్టిని బట్టలో జల్లించి, చింతగింజల జిగురులో కలిపి చక్రాలకూ అడుగుకూ పూశాడు. పొగగొట్టం దగ్గర పొయ్యి మసి అద్దాడు. ఇటుకముక్కతో అక్కడక్కడ రంగు గీకాడు. నేను పక్కన కూర్చుని, అవ్వ చూస్తే ఇద్దరికీ వాయిస్తుందని భయపడుతున్నాను. ఎందుకు ఖరాబు చేస్తున్నవని అడిగితే ఆయన చెయ్యి ఆపకుండా చెప్పాడు.

"బండి అంతట ఒక్కతీరుగ పాతవడదు బిడ్డా. నీళ్లు నిలిచిన కాడ తుప్పు పడతది. మనిషి చెయ్యి తగిలిన కాడ రంగు పోతది."

అన్నిటికంటే ఎక్కువ సేపు ఎడమ పక్క తలుపు దగ్గర పట్టింది. దోస్తు ఎప్పుడూ కిటికీ మీద మోచెయ్యి పెట్టుకునే కూర్చునేవాడట. ఎండ కాని, చలి కాని, ఆ చెయ్యి లోపలికి వచ్చేది కాదట. ఆ చోట రంగంతా అరిగి రేకు తేలిందట. చిన్నాయిన కొంచెం గీకి చూసేవాడు, కళ్లు మూసుకునేవాడు, మళ్లీ కొంచెం గీకేవాడు. ఎక్కువ గీకితే అబద్ధమైపోతుందన్నట్టు గీకాడు. చివరికి గోరంత మేర రేకు బయటపడ్డది. అప్పుడు ఇటుకముక్క కింద పెట్టి, గిదే, అన్నాడు. ఆ తల్లికి చూపించాల్సింది లారీ కాదు, ఆ గోరంత చోటు. ఆ సంగతి చిన్నదాన్నయినా నాకే తెలిసింది. నాకొక్కదానికే తెలిసింది.

దసరా నాడు తీసుకుపోదామనుకున్నాడు. మా వైపు దసరాకు జమ్మి ఆకు బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతారు. ఆ ఇంట్లో జమ్మి పెట్టే కొడుకు లేడు, ఆ కొడుకుకు బదులు తానే పెడదామని. పండుగ ముందు రోజు కాలు చూపించుకోవడానికి మానుకోట దవాఖానకు పోయాడు. పొద్దుపోయిందని ఆ రాత్రి అక్కడే ఉండిపోయాడు.

దసరా అంటే ఇంట్లో ఉన్న పనిముట్లన్నిటికీ స్నానం. నాగలి, గొడ్డలి, కొడవలి, ఎడ్లబండి, అన్నీ కడిగి బొట్టు పెట్టాలి. అవ్వ కళ్లకు లారీ కూడా ఒక బండే. అందులోనూ కొడుకుకు తిండి పెట్టిన బండి. కుంకుడు నురుగుతో, కొబ్బరి పీచుతో అది మెరిసేదాకా తోమింది. తలుపు మీద రంగు పోయిన చోటు చూసి అయ్యో అనుకుంది. డబ్బాలో అడుగున మిగిలిన పచ్చరంగు పారేయలేక దాచిన మనిషి కదా, గుడ్డపీలికతో అద్ది ఆ చోటు పూడ్చింది. తెల్లారి పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసింది. చిన్నాయిన కావాలనే పూశాడని నేను చెప్పాను. వినే మనిషి కాదు.

"కొడుకును పోగొట్టుకున్న తల్లికి మట్టికొట్టుకున్న బండిని ఇస్తరానె? మనకు పద్ధతి లేదనుకోదా?"

ఆమె అన్నదాంట్లో తప్పేముంది. ఒకరింటికి ఇచ్చేది శుభ్రంగా ఇవ్వాలి. నేనయినా అదే చేసేదాన్ని.

చిన్నాయిన పండుగ పొద్దున వచ్చాడు. నాగలి పక్కన లారీ ధగధగా మెరుస్తోంది. అవ్వ మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ నిలబడింది. ఆయన వంగి లారీని చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలు ఎడమ పక్క తలుపు మీదికి పోయింది, కాసేపు వెతికింది, వెనక్కి వచ్చింది. "మంచిగ కడిగినవ్ అవ్వా" అన్నాడు. అవ్వ ముఖం వెలిగిపోయింది.

కొట్టం వెనక నేను ఆయన్ని పట్టుకున్నాను. మట్టికి మనకేం కరువు, మళ్లీ పూద్దాం, నేను జల్లిస్తాను అన్నాను.

"అవ్వ పెట్టిన బొట్టు మీద బురద పూస్తమా బిడ్డా? ఆమె ఎంత సంబురపడ్డదో చూడలె?"

నన్ను తోడు తీసుకుని, మానుకోట మీదుగా, తొర్రూరు మీదుగా బస్సులు మారి కొడకండ్లకు పోయాడు. ఆ తల్లి సన్నగా, ఎత్తుగా ఉంది. జమ్మి చేతిలో పెట్టి కాళ్లు మొక్కితే తల మీద చెయ్యి వేసింది. లారీని రెండు చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. బంతిపూల దండను సర్దింది.

"కొత్త బండేనా బిడ్డా?" అని అడిగింది.

చిన్నాయిన ఎడమ పక్క తలుపు మీద వేలు పెట్టి, "గీడ కూసుండెటోడు. మోచెయ్యి గీడ పెట్టెటోడు" అన్నాడు. ఆమె ఆ చోటును చాలాసేపు చూసింది. అక్కడ పచ్చరంగు తప్ప ఏమీ లేదు. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. మాకు అన్నం పెట్టింది.

తిరుగు బస్సులో ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "బండి ఇద్దామని పోయిన. బొమ్మ ఇచ్చొచ్చిన."

మళ్లీ ఆయన ఆ ఊరికి పోలేదు. రమ్మని ఆమె కబురు పెట్టినా కాలు నొప్పి అని చెప్పి పంపేవాడు. మళ్లీ ఏ బొమ్మా చేయలేదు. అవ్వకు మాత్రం ఆ సంగతి ఆమె పోయేదాకా తెలియనివ్వలేదు. నా పెండ్లయిన కొన్నాళ్లకు ఆయన కూడా పోయాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లకు చుట్టాల పెండ్లికి కొడకండ్లకు పోయినప్పుడు ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. ఆ తల్లి ఇంకా ఉంది. చూపు దాదాపు పోయింది. ఎవరినో చెప్పగానే నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. గోడ గూట్లో, దీపం పక్కన, లారీ ఉంది. రంగు మసకబారింది కాని అంతటా ఉంది. ఎడమ పక్క తలుపు మీద మాత్రం లేదు. సరిగ్గా ఆ చోట, ఆ గోరంత మేర, అవ్వ పూడ్చిన రంగు పోయి తెల్లటి రేకు తేలింది.

నేను చూస్తున్నానని ఆమెకు ఎట్లా తెలిసిందో. చెయ్యి చాచి, తడుముకోకుండా, బొటనవేలు అక్కడే పెట్టింది.

"పొద్దుగాల లేవంగనే వాని మోచెయ్యి పట్టుకుంట బిడ్డా. మీ చిన్నాయిన మళ్ల రాకపాయె. వస్తే సూపెడుదు."

ఆయన బొమ్మ ఇచ్చానని అనుకుంటూనే పోయాడు. ఈమె దాన్ని బండి చేసింది. ఆ రెంటి మధ్య కొన్ని బస్సుల దూరమే ఉంది, దాన్ని దాటి చెప్పేవాళ్లు ఎవరూ లేకపోయారు.

మొన్నామధ్య ఇదంతా మనవరాలికి చెప్పాను. ఆ పిల్ల స్పాంజి ముక్కతో టాంకు అంతటా ఒకేతీరుగా తుప్పు అద్దుతుంటే చెప్పకుండా ఉండలేకపోయాను. నేను బడికి పోయింది తక్కువే, నాకు తెలిసిందల్లా చిన్నాయిన చెప్పిన ఆ రెండు మాటలే. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో చూడు, చెయ్యి ఎక్కడ తగులుతుందో చూడు అన్నాను. ఆ పిల్ల స్పాంజి పక్కన పెట్టి, "మరి ఆ లారీ నీకు చేసియ్యనా బాపమ్మా?" అని అడిగింది. దండగ ఖర్చు అనబోయి, సరే అన్నాను.

ఇప్పుడది నా మంచం పక్కన గూట్లో ఉంది. చక్రాలకు బయ్యారం మట్టే పూయించాను, ఊరికి పోయినవాళ్లతో తెప్పించి. ఇంట్లో అన్నీ తుడుస్తాను, దాన్ని తుడవను. ఎడమ పక్క తలుపు దగ్గరికి వచ్చేసరికి మనవరాలు సన్నటి గీకుడు కాగితం తీసింది. నేను దాని చెయ్యి పట్టుకుని ఆపాను.

"అది ఉండనియ్యి బిడ్డా. గాడ రంగు నేనే తీసుకుంట."

పొద్దున లేవగానే బొటనవేలు అక్కడ పెడుతున్నాను. రంగు ఇంకా గట్టిగానే ఉంది.