లోలకం అత్త కారు

కంటికి కనిపించిన ప్రతి వస్తువునీ అరచేత్తో ఒకసారి కిందికి నొక్కి వదిలేసి, అది ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టడం లోలకం అత్త అలవాటు. కుర్చీలు, మంచాలు, సోఫాలు, ఆగి ఉన్న కార్లు, ఆగబోతున్న కార్లు, ఏవీ ఆవిడ చేతిని తప్పించుకోలేదు. నొక్కింది ఒక్కసారి లేచి బుద్ధిగా ఆగిపోతే "బతికుంది" అనేది. రెండు మూడుసార్లు ఊగితే పెదవి విరిచి "పోయింది" అనేది. అంతే, ఇక ఆ వస్తువు గురించి ఆవిడ దగ్గర అప్పీలు లేదు.

కాలేజీ ఫిజిక్సు ల్యాబులో ముప్పై ఒక్క ఏళ్ళు స్ప్రింగులకు బరువులు తగిలించి, అవి ఊగుతుంటే స్టాపువాచీ నొక్కుతూ గడిపింది. లోలకం అన్నది పిల్లలు పెట్టిన పేరు. రిటైరైన రోజున ల్యాబు తాళాలు అప్పజెప్పింది గానీ అలవాటును మాత్రం ఇంటికి తెచ్చేసుకుంది.

దానివల్ల ఎక్కువ అవస్థ పడింది మేనకోడలు. లైబ్రరీలో పనిచేసే ఆ అమ్మాయి అత్తతో కలిసి బజారుకు వెళ్ళడమంటేనే హడలిపోయేది. వీధిలో వరసగా నిలబెట్టిన కార్లను అత్త ఒక్కొక్కటే నొక్కుకుంటూ నడుస్తుంటే, వెనకాలే అలారాలు ఒకదాని తర్వాత ఒకటి కుయ్యోమనేవి. బ్యాంకు మేనేజరు "కూర్చోండమ్మా" అంటే ముందు కుర్చీ నొక్కి, "ఇది పోయిందండీ. ఇందులో కూర్చుని సంతకం పెడితే రేపు మీరే ఇది నా సంతకమేనా అని అడుగుతారు" అంది.

ఒకసారి లైబ్రరీలో తోటి ఉద్యోగి ఒకతను ఏదో పుస్తకం ఇచ్చే వంకతో ఇంటికి వచ్చాడు. మేనకోడలు కాఫీ కలిపి తెచ్చేలోపు అత్త అతని వెనక్కి వెళ్ళి, రెండు భుజాలూ పట్టుకుని ఒక్క నొక్కు నొక్కి వదిలింది.

"ఏమే, ఒక్కసారే లేచి ఆగాడు! మంచివాడే!"

మంచివాడు కాఫీ తాగకుండానే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత లైబ్రరీలో ఏం మాట్లాడినా బీరువాకు అవతల నిలబడే మాట్లాడేవాడు.

ఇంట్లో మూడో మనిషి మేనకోడలి తండ్రి, అత్తకు అన్న. కొండదారిలో ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన డ్రైవరు. నడుముకు ఆపరేషను అయినప్పటి నుంచి కిటికీ పక్క కుర్చీయే ఆయన ప్రపంచం. గదిలో నాలుగడుగులు వేయగలడు. కానీ బండి ఎక్కితే, చక్రం కింద గులకరాయి పడ్డా వెన్నులో మేకు దిగినట్టు ఉండేది. ఒకసారి టాక్సీలో బయల్దేరదీశారు. వీధి చివర మూడో స్పీడ్ బ్రేకరు దగ్గర ఆయన పెట్టిన కేకకు డ్రైవరు బండాపి తానూ కేక పెట్టాడు. అక్కణ్ణుంచే వెనక్కి తిప్పారు. పధ్నాలుగు నెలలుగా ఆయన మళ్ళీ గుమ్మం దాటలేదు.

రోజూ సాయంత్రం నాలుగూ పదికి కొండ మీదికి వెళ్ళే బస్సు ఆ వీధి మొదట్లో మలుపు తిరిగేది. అది ఆయనకు కనపడదు, వినపడుతుంది. అప్పుడు మాత్రం కుర్చీలో కొంచెం ముందుకు జరిగేవాడు.

"మూడో గేరు ఆలస్యం చేశాడు" అనేవాడు. ఇంకో రోజు, "ఇవాళ కొత్తవాడు. క్లచ్చును కాల్చేస్తున్నాడు." బస్సు చప్పుడు పూర్తిగా పోయేదాకా ఆయన కుడికాలు నేలను నెమ్మదిగా తొక్కుతూనే ఉండేది. ఆ కాలిని చూడలేక కూతురు వంటింట్లోకి వెళ్ళిపోయేది.

అలాంటి ఇంటి ముందుకు ఒక ఆదివారం ఉదయం అత్త పాత కారు ఒకటి తెచ్చి నిలబెట్టింది. ఎర్రటి ఎరుపు. రెండే తలుపులు. వెనకాల రెక్క. ఎవరో కుర్రకారు పందేలకు తిప్పి తిప్పి అమ్మేసిన బండి. స్టార్టు చేస్తే ఎదురింటి పావురాలన్నీ లేచిపోయాయి.

"ఈ వయసులో నీకు రేసు కారు ఎందుకు అత్తా?"

"సీటు బావుంది" అంది అత్త.

"సీటు బావుందని కారు కొంటారా ఎవరైనా?"

"ముప్పై ఎనిమిది కార్లు నొక్కాను. ఇలాంటి సీటు దేనికీ లేదు. కారే ఒట్టి రాయి."

రాయన్నది నిజమే. బజారుదాకా వెళ్ళొచ్చేసరికి మేనకోడలి చెవిపోగు ఒకటి ఊడిపోయింది. అత్త మర్నాడే కారును మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి, కంపెనీ వాళ్ళు బిగించిన సస్పెన్షన్ మొత్తం పీకేసి కాయిలోవర్లు పెట్టమంది. స్ప్రింగునూ షాక్ అబ్జార్బరునూ కలిపి ఒకే గొట్టానికి ఎక్కించిన సామాను అది. గొట్టం చుట్టూ మరలు ఉంటాయి. వాటి మీదున్న రింగు తిప్పితే కారు ఎత్తు మారుతుంది, కొసన ఉన్న చిన్న మీటను టిక్కు టిక్కుమని ఒక్కో మెట్టు తిప్పితే ఊగే తీరు మారుతుంది.

మెకానిక్ తల గోక్కున్నాడు. "ఇవి పెట్టించుకునేవాళ్ళంతా బండిని నేలకు దించమంటారు, ఇంకా గట్టిగా చేయమంటారు. మీరేంటమ్మా, పైకెత్తమంటున్నారు, మెత్తటి స్ప్రింగులు తెప్పించమంటున్నారు?"

"నీ చేతికి పని కావాలా, కారణం కావాలా?"

"పనే కావాలి తల్లీ."

తుప్పు పట్టిన బోల్టులు ఊడదీయడానికి ఒక పూట పట్టింది. ఊడివచ్చిన పాత షాక్ అబ్జార్బర్లను అత్త వరసగా నిలబెట్టి నాలుగింటినీ నొక్కి, నాలుగింటికీ "పోయింది" చెప్పి సాగనంపింది. కొత్తవి బిగించాక అసలు కథ మొదలైంది. వారానికి మూడుసార్లు గరాజీకి వెళ్ళడం, రింగు అర చుట్టు తిప్పించడం, మీట ఒక టిక్కు వదిలించడం, ఇంటికొచ్చి నాలుగు మూలలా నొక్కడం, పెదవి విరవడం. నాలుగు నెలలు ఇదే వరస. మెకానిక్‌కు కలలో కూడా టిక్కు టిక్కు వినపడుతోందని అతని భార్య ఫోన్ చేసి చెప్పింది.

ఒకరోజు మేనకోడలు డ్యూటీ నుంచి వచ్చేసరికి నాలుగూ పది అవుతోంది. వీధి మలుపులో బస్సు గేరు మార్చుతోంది. లోపల నాన్న కాలు నేల తొక్కుతోంది. వాకిట్లో అత్త ఎర్ర కారును నొక్కుతూ అంకెలు లెక్కపెడుతోంది. ఆ అమ్మాయికి ఒళ్ళు మండిపోయింది.

"నీకసలు మనసుందా అత్తా? ఆయన ఆ బస్సు చప్పుడు విని బతుకుతుంటే, ఆయన కళ్ళముందే కారు పెట్టుకుని ఆడుకుంటావా?"

అత్త చెయ్యి కారు మీదే ఆగిపోయింది. ఏదో చెప్పబోయి కిటికీ వైపు చూసి, నోరు మూసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మేనకోడలు కోపం చల్లారక మర్నాడు సెలవు పెట్టి మరీ గరాజీకి వెళ్ళింది, మెకానిక్‌ను నిలదీద్దామని. సరిగ్గా అప్పుడే ఎర్ర కారు గేట్లోంచి లోపలికి వచ్చింది. మెకానిక్ నడుపుతున్నాడు. అత్త వెనక సీట్లో ముడుచుకుని కూర్చుంది. ముందు సీట్లో మనిషి లేడు. ల్యాబువాళ్ళు పారేస్తుంటే తెచ్చుకున్న ఇనప స్టాండును సీటుకు తాళ్ళతో కట్టేశారు. స్టాండుకు స్ప్రింగు, స్ప్రింగుకు బరువు, బరువుకు పెన్సిలు. పెన్సిలు మొన ఆనేచోట, గడియారం మరతో తిరిగే డబ్బాకు కాయితం చుట్టి ఉంది.

"ఏంటిది?"

మెకానిక్ గోడ మీదికి చెయ్యి చూపించాడు. గోడంతా అలాంటి కాయితాలే, తేదీలు వేసి అంటించినవి. నాలుగు నెలల కిందటి గీత కొండలూ లోయలుగా ఉంది. తర్వాత తర్వాత గుట్టలైంది. నిన్నటిది చెరువు మీద గాలి తగిలినంత. అన్నిటి మీదా అడ్డంగా ఒకే ఎత్తులో ఎర్ర గీత.

"ఆ ఎర్రది ఏంటి?"

"అదా..." మెకానిక్ అత్త వైపు చూశాడు. అత్త వెనక సీట్లోంచి దిగడానికి నానా తంటాలూ పడుతోంది, వినే పరిస్థితిలో లేదు. "మీ నాన్నగారు కేక పెట్టిన ఎత్తు. ఆ తర్వాత మీ అత్తగారు అదే టాక్సీని పిలిపించి, ఈ సరంజామా అంతా ఎక్కించి, అదే మూడో స్పీడ్ బ్రేకరు మీద మళ్ళీ తిప్పించారు. పెన్సిలు ఎంతెత్తు లేచిందో అంతెత్తులో గీత కొట్టారు. కొండదారి మొత్తం మీద ఒక్క గుంటలో కూడా పెన్సిలు ఆ గీత దాటకూడదంట."

"మరి రేసు కారెందుకు?"

"సీటమ్మా. నడుమును రెండు పక్కలా పట్టుకుంటుంది. మలుపుల్లో మనిషి ఊగడు. మరీ కిందకుంటే ఆయన వంగి కూర్చోలేడని బండిని ఎత్తించారు."

అత్త దిగి చీర సర్దుకుంది. మేనకోడలు గోడ మీది కాయితాలను మొదటి నుంచి మళ్ళీ చూసింది.

"ఒక్క మాట చెప్పొచ్చు కదా అత్తా."

"చెబితే ఆశపడతాడే. ఒకసారి ఆశపెట్టి వీధి చివర నుంచి వెనక్కి తెచ్చాం కదా. ఆ రోజు అన్నయ్య మొహం నేను చూశాను, నువ్వు డ్రైవరును సముదాయిస్తున్నావు." అత్త కాయితం డబ్బా మీంచి తీసి వెలుతురుకు పట్టి చూసింది. "ఒక్క గుంట మిగిలింది. పధ్నాలుగో మలుపు. ఇంకో టిక్కు వదులు నాయనా."

ఆ శనివారం అన్నను కారు ఎక్కించడానికి గంట పట్టింది. అందులో కూర్చోబెట్టడానికి రెండు నిమిషాలు, ఒప్పించడానికి మిగతాది. వీధి చివర మూడో స్పీడ్ బ్రేకరు వచ్చింది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని తలుపు పిడి పట్టుకున్నాడు. కారు ఒక్కసారి లేచి, దిగి, ఆగింది. ఆయన ఒక కన్ను తెరిచాడు.

"దాటేశామా?"

"ఎప్పుడో!"

రెండో కన్ను తెరిచింది మొదలు ఆయన నోరు మూత పడలేదు. "హారన్ కొట్టు! రెండో గేరు, రెండో గేరు! లారీవాడికి దారివ్వు, పైకెక్కేవాడు వాడు!" అత్త తల ప్రాణం తోకకొచ్చింది. వెనకాల ముడుచుకు కూర్చున్న మేనకోడలు నవ్వాలో, కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థ పడింది. పధ్నాలుగో మలుపు ఎప్పుడు పోయిందో ముగ్గురూ గమనించనేలేదు.

ఇరవై ఒకటో మలుపు దగ్గర ఆయన హఠాత్తుగా "ఆపు!" అన్నాడు.

అత్త బెదిరిపోయింది. "నొప్పా అన్నయ్యా?"

"కాదే, ఆపు."

ఆయన తల తిప్పి లోయవైపు చూశాడు. కింద, చాలా కింద, నది రెండు పాయలుగా విడిపోయి మళ్ళీ కలిసిపోతోంది. మధ్యలో పచ్చటి లంక. దాని మీద ఒక తెల్లటి ఇల్లు. మేఘం నీడ ఒకటి ఇంటిని దాటి నీళ్ళ మీదికి పోతోంది.

"ఇదా!" అన్నాడు.

"ఏది నాన్నా?"

"ముప్పై ఏళ్ళు ఇక్కడికొచ్చేసరికి బస్సులో జనమంతా ఒక్కసారిగా 'అబ్బా!' అనేవాళ్ళు. పసిపిల్లలు కూడా. ఏం చూసి అంటున్నారో నాకు ఏనాడూ తెలీదు. నేను తల తిప్పితే బస్సు లోయలో ఉండేది."

చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాడు. అత్త ఇంజను ఆపేసింది. మలుపులో బండ్లేమైనా వస్తాయేమోనని రోడ్డు మీద నుంచి చూపు మాత్రం తిప్పలేదు.

తిరిగొచ్చాక నడుం పట్టేసింది మేనకోడలికే. వెనక సీటు గురించి అత్త ఏ కాయితమూ గీయలేదు మరి. ఆదివారం పొద్దున్న ఆ అమ్మాయి మూలుగుతూ గుమ్మంలోకి వచ్చేసరికి, తండ్రి కడిగిన మొహంతో, ఇస్త్రీ చొక్కాతో, తనంతట తానే వెళ్ళి కారులో కూర్చుని ఉన్నాడు.

"ఇవాళ కూడానా నాన్నా?"

"ఇటు రా, స్టీరింగు ముందు కూర్చో" అన్నాడాయన. "నీకు డ్రైవింగు నేర్పుతాను. మీ అత్త నిన్నంతా రోడ్డే చూసింది, పిచ్చిది. దాన్ని కూడా ఒకసారి తీసుకెళ్ళి చూపించాలి."