సాంచలు ఆగిన అరగంట

ఆ రోజుల్లో సూరత్‌లో, లింబాయత్‌లోని మా గల్లీలో పుట్టిన పిల్లలకు రెండు గుణాలు తప్పకుండా అబ్బేవి. ఎంత రభసలోనైనా హాయిగా నిద్రపోవడం ఒకటి, పక్కనున్న మనిషితో కూడా అరిచి మాట్లాడటం రెండోది. కింద సాంచలు, పైన మేము. (కరెంటు మగ్గాన్ని మావాళ్లు సాంచ అంటారు.) అవి రాత్రీ పగలూ నడుస్తూనే ఉండేవి. గల్లీలో ఎవరైనా కన్నుమూస్తేనే ఆగేవి, శవం మలుపు దాటేదాకా అందరూ బంద్ పెట్టేవారు. తెలంగాణ నుంచి బతకడానికి వచ్చిన మా నేతవాళ్లలో ఆ ఆచారం ఎవరు మొదలుపెట్టారో గానీ, కరోనా కాలంలో అదొక్కటే మిగిలింది. ఆస్పత్రికి వెళ్లిన మనిషి ఇంటికి రాడు, పాడె లేదు, పలకరింపు లేదు. సాంచలు కాసేపు ఆగితే అదే కర్మకాండ. (మొదటి లాక్‌డౌన్‌లో సాంచలన్నీ ఒక్కసారే ఆగినప్పుడు మా బాపమ్మ, అంటే బాపును కన్నతల్లి, "ఊరు ఊరంత పోయిందా ఏందే?" అని అడిగింది.)

నేను సూరత్‌లోనే నర్సింగ్ చదివి, కోవిడ్ వార్డులో పనిచేస్తూ, ఐర్లండ్‌లో ఒక ఆస్పత్రికి దరఖాస్తు పెట్టుకున్నాను. ఇక్కడి చదువు అక్కడ చెల్లుతుందని ఎలాగో తేలింది. ఇక మిగిలింది ఫోన్లో ఇంటర్వ్యూ. అది పాడైతే మళ్లీ పిలవరు. "బాపూ, గీ సప్పుడుల నా మాట నాకే ఇనబడదు" అని ఏడుపు మొహం పెట్టాను. మా బాపు ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. అలాంటివాడు మాస్కు కట్టుకుని కార్ఖానా కార్ఖానాకూ తిరిగి, "జర అరగంట బంద్ పెట్టుండ్రి, బిడ్డ ఇంటర్వ్యూ ఉంది" అని బతిమాలాడు. మగవాళ్లందరూ సరేనన్నారు. ఒక్కరైనా ఇంట్లో ఆడవాళ్లకు చెప్పి ఉంటే నేనీ కథ చెప్పే పనే ఉండేది కాదు.

బియ్యం డబ్బాకు ఫోన్ ఆనించి కూర్చున్నాను. తెర మీద నెరిసిన జుట్టుతో ఒక మేడమ్ కనిపించింది. సాంచలు ఆగాయి. అలవాటు కొద్దీ నేను అరిచిన "గుడ్ మార్నింగ్"కు ఆవిడ కుర్చీతో సహా వెనక్కి జరిగింది. రోగి తాలూకువాళ్లు దుఃఖంలో ఉంటే మీరేం చేస్తారని అడిగింది. బట్టీ పట్టిన జవాబు ఎత్తుకున్నానో లేదో, మెట్ల మీద శోకం వినిపించింది. పక్కింటి లేసుల పెద్దమ్మ (చీరలకు లేసులు కుట్టేది) కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చేసింది. సాంచలు ఆగాయి, మా బాపు గుమ్మంలో నోటి మీద వేలేసుకుని నిలబడ్డాడు, ఇంట్లో పండుముసలి బాపమ్మ ఉంది. ఇంకేం కావాలి? "ఓ అత్తా, ఒక్క మాటన్న చెప్పకుంట పోతివా!" అంటూ అందుకుంది. మూలన ముసుగుతన్ని పడుకున్న బాపమ్మ ఉలిక్కిపడి లేచి, ఏడుపు విని తనూ గొంతు కలిపి, మధ్యలో ఆగి, "ఇంతకు పోయిందెవలే?" అంది.

"నువ్వే గదనే అత్తా!"

"నేనా? నాకెవ్వలు చెప్పలేదు!"

పెద్దమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కూలబడి, ఈసారి నిజంగా ఏడ్చింది. "మీ పెద్దబాపు పోయిననాడు గూడ గిట్లనే బందైనయ్ బిడ్డా. కని ఎవ్వలు మెట్లెక్కలే. రానియ్యలే గద." పెద్దబాపు, అంటే ఆమె పెనిమిటి, ఆస్పత్రిలో పోయి అప్పటికి నెల కూడా కాలేదు. ఆ రోజు కరోనా ఇల్లని ఆమె తలుపుకు అడ్డంగా కర్రలు కట్టి ఉన్నాయి, మేమంతా మా గుమ్మాల్లోనే నిలబడిపోయాం. ఇంటర్వ్యూ సంగతి నేను నిజంగానే మరిచిపోయాను. వెళ్లి పక్కన కూర్చుని ఆమె చేయి పట్టుకున్నాను. బాపమ్మ ఆమె తల నిమిరింది. ముగ్గురం కడుపునిండా ఏడ్చాం. ఆ తర్వాత బాపమ్మ ముక్కు చీదుకుని చాయ్ పెడతానని లేచింది.

అప్పుడు గుర్తొచ్చింది, ఫోన్! మేడమ్ ఇంకా అక్కడే ఉంది. ఎవరు పోయారమ్మా అని మెల్లగా అడిగింది. "పోయినామె చాయ్ పెడుతోంది మేడమ్" అన్నాను, ఇంతకంటే నిజం తోచక. సాంచల సంగతంతా విన్నాక, ఆ చప్పుడు ఒకసారి వినిపిస్తావా అంది. బాపుకు సైగ చేశాను, ఆయన గల్లీలోకి కేక వేశాడు. గల్లీ మొత్తం ఒక్కసారే అందుకునేసరికి నేల అదిరి, డబ్బా అదిరి, ఫోన్ బోర్లా పడి ఆరిపోయింది. నా ఉద్యోగం గంగలో కలిసిందనే అనుకున్నాను. కొన్నాళ్లకు రమ్మని కబురొచ్చింది.

వెళ్లాక అక్కడివాళ్లు నాకు చేతులు కడుక్కోవడం మొదటి నుంచీ నేర్పించారు. (కోవిడ్ వార్డు నుంచి వచ్చిన దాన్ని!) బుద్ధిగా నేర్చుకున్నాను. ఆ ఊరి నిశ్శబ్దం మాత్రం అలవాటు కాలేదు. మొదటి ఆదివారం ఉదయం లేచేసరికి వీధిలో చీమ చిటుక్కుమనడం లేదు. చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరుగెత్తి, కుక్కను తిప్పుతున్న పెద్దాయన్ని ఎవరు పోయారని అడిగాను. ఆయన టోపీ తీసి, కాసేపు ఆలోచించి, తనకు తెలిసినంతలో ఎవరూ పోలేదన్నాడు. లోపలికొచ్చి ఏడ్చాను. అంత బెంగ నాలో ఉందని అప్పటిదాకా నాకే తెలియదు.

ఇప్పటికీ సెలవునాడు ఇంటికి ఫోన్ చేసి, "జర సాంచ కాడ పెట్టు బాపూ" అంటాను. మాటలేమీ ఉండవు, వింటూ కూర్చుంటాను. మొన్న ఆ చప్పుడు మధ్యలో టక్కున ఆగింది.

"ఎవలు బాపూ?" అని అరిచాను.

"ఎవ్వలు లేరు తల్లీ, పోగు తెగింది. అతుకుతున్న, ఆగు."

ఆగాను. అరగంట నిశ్శబ్దం కోసం కన్నతండ్రిని గల్లీ అంతా తిప్పిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వుకున్నాను. సాంచ మళ్లీ అందుకునేదాకా ఫోన్ చెవికి ఆనించుకునే ఉన్నాను.