బయలుదేరే ముందు ఒక చుట్టు

మేం దేశం దాటి వచ్చి స్థిరపడ్డ ఈ హామిల్టన్‌లో కారు నడపడం రాని మనిషికి కాళ్ళు లేనట్టే. ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చాక కూడా, నన్ను దింపడానికి మా ఆయనకు ఎప్పుడు తీరుతుందా అని గుమ్మంలో నిలబడి ఎదురుచూసేదాన్ని. ఆయన నేర్పించలేదని కాదు, నేర్పించాడు. వీధి చివరికి చేరేలోపే "బ్రేక్ అంటే బ్రేక్ తొక్కాల! ఎన్నిసార్లు చెప్పాల నీకు?" అని అక్కడ మా ప్రొద్దుటూరు దాకా వినపడేలా అరిచేవాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా? కారు అక్కడే ఆపేసి, దిగి, నడిచి ఇంటికి వచ్చేసేదాన్ని. లైసెన్స్ పరీక్ష రెండుసార్లు తప్పాను.

సొంత కారుంటే ధైర్యం అదే వస్తుందని పాత చిన్న కారొకటి కొన్నాం. పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు, కొబ్బరికాయ, అన్నీ పద్ధతిగా జరిపించి, హారతిచ్చి, కారు చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశాను. కంచె అవతల నుంచి పక్కింటి పెద్దాయన కన్నార్పకుండా చూస్తున్నారు. పెద్ద విమానాలు నడిపి రిటైరైన పైలట్ అని వినడమే తప్ప ఎప్పుడూ మాట్లాడింది లేదు. డ్రైవ్‌వేలో కొబ్బరికాయ కొట్టినందుకు ఏదో అంటారనుకుని జవాబు ముందే సిద్ధం చేసి పెట్టుకున్నాను.

"చుట్టూ తిరిగారు కదా, ఏం చూశారు?" అని అడిగారాయన.

"చూడ్డానికేముంది? దేవుణ్ణి తలుచుకున్నాను."

"మంచిదే. మళ్ళీ తిరుగుదాం రండి. ఈసారి కారును కూడా చూద్దాం."

మోకాళ్ళు పట్టుకుని మరీ వంగి ప్రతి టైరూ చూపించారు. లైట్లు చూపించారు. కింద ఆయిలేమైనా కారుతోందేమో చూడమన్నారు. ఎంత పెద్ద విమానమైనా, ఎంత వాన కురుస్తున్నా, బయలుదేరే ముందు పైలట్లలో ఒకరు దిగి దాని చుట్టూ నడిచి కళ్ళారా చూసి రావాల్సిందేనట. తిరిగేది కూడా మనం గుడిలో తిరిగే వైపుకేనట. ఆ మాటతో ఆయన మీద నాకు గురి కుదిరింది.

"భయాన్ని సీటు దాకా తీసుకెళ్ళకండి. భయపడాల్సింది ఏదైనా ఉంటే ఇక్కడే, నేల మీదే చూసేసుకోండి. ఆ తర్వాత కూర్చుని నడపడమే," అన్నారు.

అలా నాకు గురువు దొరికారు. ఇక్కడ అందరూ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకుంటారు. నాకు నోరు రాలేదు, "కెప్టెన్ గారూ" అనేదాన్ని. నేర్పినన్నాళ్ళూ ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. పాల కోసం డైరీ షాపుకు వెళ్ళాలన్నా తన కారు చుట్టూ ఒక చుట్టు తిరగనిదే తలుపు తీసేవారు కాదు. నాకూ అదే అలవాటైంది. హైస్కూల్లో చదివే మా అమ్మాయి వెనక సీట్లో తల దాచుకుని, "అమ్మా, నా ఫ్రెండ్స్ చూస్తున్నారు. జస్ట్ ఎక్కు, ప్లీజ్!" అని ఏడుపు మొహం పెట్టేది.

మూడోసారి పరీక్షకు వెళ్ళినప్పుడు, పరీక్ష పెట్టే ఆవిడను నిలబెట్టి మరీ నా చుట్టు నేను తిరిగాను. పాసయ్యాను. పార్కింగ్‌లో బెంచీ మీద కూర్చున్న కెప్టెన్ గారు లేచి నాకు సెల్యూట్ కొట్టారు. ఆ తర్వాత ఈ చుట్టుపక్కల నేను కారేసుకుని వెళ్ళని ఊరు లేదు. కొండదారి మలుపుల్లో మా ఆయన పక్క సీట్లో నోరు మూసుకుని కూర్చునేవాడు. ఆ సుఖం చెబితే అర్థం కాదు.

పోయిన చలికాలం కెప్టెన్ గారు పోయారు. చివరి నెలల్లో ఆయన్ను ఆసుపత్రికి తిప్పింది నేనే. చేతికర్ర మీద ఆనుకుని, నా చుట్టు పూర్తయ్యేదాకా నిలబడి, అప్పుడే ఎక్కేవారు.

అంత్యక్రియలకు ఆయనతో కలిసి పనిచేసిన ముసలి పైలట్లు చాలామంది వచ్చారు. ఇస్త్రీ సూట్లు, నిటారు నడుములు. కారు దిగేటప్పుడే మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, ఇక్కడేమీ వియర్డ్‌గా చేయొద్దు. ప్రామిస్?" సరేనన్నాను.

ప్రార్థనలయ్యాక శవపేటికను నల్లటి పొడుగు కారులోకి ఎక్కించారు. డ్రైవర్ వెనక తలుపు మూసి తన సీటు వైపు నడిచాడు. ఎవరూ చుట్టు తిరగలేదు. పాలకు వెళ్ళినా చుట్టు తిరగనిదే కదలని మనిషి, ఈ ప్రయాణానికి ఎవరూ చూడకుండానే వెళ్ళిపోవాలా? అంతమంది ముందు నవ్వులపాలవుతానని తెలుసు. కూతురికిచ్చిన మాటా గుర్తుంది. అయినా ఇప్పుడు ఊరుకుంటే ఇక ఏ రోజూ నా మొహం నేను చూసుకోలేననిపించింది. డ్రైవర్‌కు ఆగమని చెయ్యెత్తి చూపి, ముందుకు నడిచాను.

ముందు చక్రం చూశాను. లైటు చూశాను. చీర కుచ్చిళ్ళు తడి నేలకు తగులుతున్నా వంగి కిందికి చూశాను. జనంలోంచి మా ఆయన దగ్గు వినపడింది. వెనక వైపుకు మలుపు తిరిగేసరికి నా వెనక బూట్ల చప్పుడు. పొడుగాటి పైలట్ ఒకాయన నడుస్తున్నారు. ఆయన వెనక ఇంకొకరు. నేను చుట్టు పూర్తిచేసేసరికి ఆ ముసలివాళ్ళంతా వరసగా, వంగని మోకాళ్ళు వంచి, టైర్లు చూసుకుంటూ వస్తున్నారు. అందరికన్నా చివర కెప్టెన్ గారి భార్య, కారు అద్దం మీద అరచెయ్యి ఆనించి నడిచారు.

"అంతా సరిగ్గా ఉందా?" పొడుగాయన నన్నే అడిగారు.

బొటనవేలు ఎత్తి చూపాను. ఆయనా ఎత్తారు. అక్కడున్న ప్రతి చెయ్యీ లేచింది. అప్పుడు కదిలింది కారు. నాకు ఏడుపు ఆగలేదు, కానీ తల దించుకోలేదు. అంత గర్వంగా నేనెప్పుడూ ఏడవలేదు.

కెప్టెన్ గారి భార్యను ఇంటికి దింపే పని నాది. ఆవిడను కూర్చోబెట్టి చూస్తే వెనక సీట్లో మా అమ్మాయి లేదు. అందరూ చూస్తుండగా కారు చుట్టూ మెల్లగా నడుస్తోంది. వెనక చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని తలెత్తింది.

"అమ్మా, ఈ టైర్లో గాలి తక్కువుంది. ముందు పెట్రోల్ బంక్‌కి వెళ్దాం."

కెప్టెన్ గారి భార్య పకపకా నవ్వారు. ఆ వారంలో ఆవిడ నవ్వడం అదే మొదలు. బంకులో గాలి కొట్టింది మా అమ్మాయే. మళ్ళీ ఒక చుట్టు తిరిగి వచ్చి నాకు బొటనవేలు ఎత్తి చూపాకే, నేను కారు తీశాను.