రాయమల్లు నడుము, శంకరవ్వ ముడులు

నడుము నొప్పికి ఊరికొక మందు ఉంటుంది. నాందేడులో ఇటుక కాచి పెడతారు. ఇచ్చోడ దగ్గర ఒక ముసలాయన నాకు ఎలుగుబంటి కొవ్వు రాయబోయాడు. దానివల్ల ఆ ఎలుగుబంటికి కలిగిన మేలేమిటో అడగలేకపోయాను. తిరిగిన ఊళ్ళన్నిటిలో ఈ మందులను పక్కపక్కన పెట్టి తూచిన మనిషిని మాత్రం ఒక్కరినే చూశాను. ఆమెకు అక్షరం రాదు. వేములవాడలో మగ్గం నేసే రాయమల్లు భార్య, శంకరవ్వ.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ మరుసటి ఏడు. ఇరవై ఐదేళ్ళుగా గుంటమగ్గంలో కాళ్ళు దించి కూర్చున్న రాయమల్లు నడుము అప్పటికి రెండేళ్ళుగా పట్టేసి ఉంది. నూలిచ్చి చీరలు నేయించే రామచంద్రం గడప దాటకుండానే చెప్పాడు:

"రాయమల్లూ, శివరాత్రి జాతరకు గీ పడుగు మీది చీరలన్నీ నేసి దించాలె. లేకుంటే మగ్గం వేరేటోనికిస్త. నువ్వు బొంబాయి పోయి మిల్లుల బండలు తుడువు. ఆడ కూసునే పని ఉండది."

శివరాత్రికి ఐదు నెలలుంది. శంకరవ్వ నూలు బుట్టలోంచి నాలుగు రంగుల దారాలు తీసి గుంజకు కట్టింది. వైద్యానికొక రంగు, రాయమల్లు జాము సేపు నేయగలిగిన రోజుకొక ముడి. ఎర్రది కాల్చిన ఇనుముతో పెట్టే చురకలకు: ఇరవై రోజుల్లో రెండు ముడులు, అవీ బొబ్బల మంటలో అసలు నొప్పి మరిచిన రోజులే. నల్లది హకీము పట్టీకి: అన్నే రోజుల్లో నాలుగు. తెల్లది దవాఖాన గోలీలకూ, చెక్కబల్ల మీద కదలకుండా పడుకోవడానికీ: మూడు, ఆపైన లేవడమే కష్టమైంది. పసుపుది హనుమండ్లుకు.

హనుమండ్లు కాళ్ళు ముందుగా పుట్టినవాడు. అలాంటివాడు ఎడమకాలితో మూడుసార్లు తొక్కితే నడుము పట్టు వదులుతుందని అక్కడి నమ్మకం. అతనిది కోసెడు దూరంలో, అంటే రెండు మైళ్ళ అవతలి పల్లె. రాయమల్లు రోజూ నడిచిపోయి, తొక్కించుకుని, నడిచి వచ్చేవాడు. మొదటి రోజు దారిలో మూడుచోట్ల కూలబడ్డాడు. అయినా పదకొండు రోజుల్లో తొమ్మిది ముడులు పడ్డాయి.

"గా పాదంల దేవుడున్నడే," అన్నాడు రాయమల్లు.

"అయితే దేవున్ని ఇంట్లనే పెట్టుకుందం. నడిచే పొద్దు గూడ నేత్తవు," అన్నది శంకరవ్వ.

మగ్గం దగ్గర లేని పొద్దంతా దండగే అనుకోవడం నేతవాళ్ళకే చెల్లిన పొరపాటు. హనుమండ్లు వచ్చి అరుగు మీద మకాం పెట్టాడు. పొద్దున మూడు తొక్కులు, రోజంతా మూడు పూటల తిండి. పది రోజులైనా ఒక్క ముడి పడలేదు. రాయమల్లు మళ్ళీ గోడ పట్టుకున్నాడు.

"కూర చాలకుంటే కాలుకు బలమెట్లొస్తది వదినె?" అన్నాడు హనుమండ్లు.

"కాలు గదే, నడుము గదే. మరి మారిందేంది?" శంకరవ్వ పసుపు దారం ముడులను తడుముతూ నిలబడింది. చివరి ముడి దగ్గర ఆగి మొగుడి వైపు తిరిగింది. "తొవ్వ నడక. అప్పుడు నువ్వు కాలు దగ్గరికి నడిచిపోయినవు. ఇప్పుడు కాలే నీ దగ్గరికొచ్చింది."

హనుమండ్లును అన్నం పెట్టి సాగనంపింది. ఐదో దారం కట్టింది, ఆకుపచ్చది. మర్నాటి నుంచి రాయమల్లు ఎవరూ తొక్కని నడుముతో రోజూ కోసెడు పోయి వచ్చేవాడు. మూరెడు నేసినప్పుడల్లా లేచేవాడు. వీధిలో పడుగులు సాగదీసి గంజి పెడుతున్నవాళ్ళ దగ్గర కుంచె అందుకుని ఆ చివరికీ ఈ చివరికీ తిరిగేవాడు.

"రాయమల్లు మగ్గం మీద కన్న బజార్ల ఎక్కువ నేత్తుండు," అని వాడంతా నవ్వింది.

ముడులు మాత్రం వరసగా పడ్డాయి. నొప్పి పూర్తిగా పోలేదు, పెత్తనం చేయడం మానేసింది.

శివరాత్రి ఇంకా మూడు రోజులుందనగా పడుగు దిగింది. రామచంద్రం ఆఖరి చీరను వెలుతురుకు పట్టి, అంచు చివరిదాకా వెతికి, తప్పు దొరక్క మడతపెట్టాడు.

"ఏ హకీం బాగ చేసిండు?"

శంకరవ్వ ఆకుపచ్చ దారం విప్పి అతని చేతిలో పెట్టింది. యాభై ఆరు ముడులు. అతను వాటిని చూశాడు, గుంటలోంచి చేతి ఊతం లేకుండా లేచి నిలబడ్డ రాయమల్లును చూశాడు.

"సరే. కొత్త నూలు రేపు బండిల పంపుత."

"బండెందుకు సేటూ," అన్నాడు రాయమల్లు, కండువా దులిపి భుజాన వేసుకుంటూ. "నడిచొచ్చి తెచ్చుకుంట."