నీళ్లు చీలే మిట్ట

మా సర్వేయరు సారు పోయారని సోమవారం ఆఫీసు గోడకు కాగితం అంటించారు. ‘ఆయన నిజాయితీ మనందరికీ ఆదర్శం’ అని రాసి, కింద పెద్ద ఇంజనీరు సంతకం చేశాడు. చదివి, ఆ కాగితం చింపేశాను. ఎందుకు చింపానో అందరికీ తెలుసు.

చిత్తూరులోని ఆ ఆఫీసులో నేను ట్రేసరును. సారు గీసిన పటాలను ట్రేసింగు గుడ్డ మీదికి నల్లసిరాతో ఎక్కించడం నా పని. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు, ఏ నేల మీద పడిన వాన ఏ చెరువుకు చేరుతుందో పటాలు తయారుచేయమని పైనుంచి ఉత్తరువు వచ్చింది. తాగే నీళ్లు చెడకుండా చూడాలంటే ముందు అవి ఎక్కడినుంచి వస్తున్నాయో తెలియాలి కదా. మిగతావాళ్లు కుర్చీల్లో కూర్చుని పాత పటాలు దించేశారు. సారు మాత్రం నడిచారు. గొర్రెలు కాసేవాళ్లు కనిపిస్తే ఆగి, “వాన పడితే ఈడి నీళ్లు యాడికి పోతాయప్పా?” అని అడిగేవారు. వాన వస్తే గొడుగు మూసేసి, కాళ్ల దగ్గర నీళ్లు ఎటు తిరుగుతున్నాయో చూస్తూ నిలబడేవారు.

పుత్తూరు దారిలో ఒక మిట్టకు పడమట, తోళ్లు పదును చేసే షెడ్డు కడతానని పలుకుబడి ఉన్న పెద్దమనిషి ఒకడు వచ్చాడు. సారు పటంలో వాననీళ్లు రెండు పక్కలకు చీలే గీత ఆ మిట్ట మీదుగా పోతుంది; దాని ప్రకారం ఆ నేల నీళ్లన్నీ కింది పల్లె తాగే చెరువుకే పోతాయి. అలాంటి నేలలో షెడ్డుకు అనుమతి రాదు. పెద్ద ఇంజనీరు సారును పిలిపించాడు.

“ఆ గీత రవ్వంత జరపవయ్యా. ఏం మునిగిపోతాది?”

“నేను జరిపితే గీత జరుగుతాది సార్. నీళ్లు జరగవు.”

వారం తిరక్కముందే ఆయన్ను పులికాట్ వైపు బదిలీ చేసి తోసేశారు. పెన్సిలుతో కొత్త గీత వేసిన పటం నా బల్ల మీదికి వచ్చింది. నేను దాన్ని సిరాతో దిద్దాను. ఉద్యోగం కొత్త, భయపడ్డాను అని చాన్నాళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. ఇప్పుడు ఆ మాట నోటికి రాదు.

షెడ్డు లేచింది. రెండు వానకాలాలకే చెరువు ఎర్రబారి కంపు కొట్టింది. పిల్లలకు ఒళ్లంతా పుండ్లు లేచాయి. సారు సెలవు పెట్టి వచ్చి, ఆ నీళ్లు సీసాలో తెచ్చి పెద్ద ఇంజనీరు ముందు పెట్టారు. “ఒక్క గుక్క తాగండి సార్, నేను పోతా” అన్నారు. బంట్రోతు చేత ఆయన్ను బయటికి గెంటించారు. పోతూ పోతూ నా బల్ల దగ్గర ఆగారు. నేను తలెత్తలేదు.

“నీ చెయ్యి మంచిదమ్మా. ఇంకోసారి ఎవురన్నా తప్పుడు గీత ఇస్తే, ఆ చెయ్యి ఊరికే పెట్టుకో సూడు.”

తర్వాత రెండుసార్లు ఊరికే పెట్టుకున్నాను. రెండు మెమోలు వచ్చాయి. ఆ మొండితనం ఆయన పెట్టిన భిక్షే.

కాగితం చింపిన మరునాడు ఆ పల్లెకు వెళ్లాను. షెడ్డు అలాగే నడుస్తోంది. ఆడవాళ్లు బిందెలెత్తుకుని మిట్ట దిగి వస్తున్నారు. మంచినీళ్లకు అవతలి పక్క బావికి పోవాలట. చెరువు నీళ్లు సీసాలో పట్టుకెళ్లిన సారు పోయారని చెప్పాను. ముందున్న ముసలామె బిందె దించి, నేల మీద కూలబడింది. నా మొహం చూసి, “ఎండకొచ్చినావు, తాగు తల్లీ. ఆపక్క నీళ్లే, భయం లేదు” అంటూ బిందె వంచింది.

దోసిలి పట్టాను. గీత దిద్దిన ఆ చేతినే చూస్తుండిపోయాను. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారిపోతున్నాయి.

“పారబోయొద్దమ్మా,” అంది ఆమె, “రెండు మైళ్లు మోసినా.”