ఏడవని పొర

మేక కాళ్ళు కాల్చి, గీకి, కీలు దగ్గర కత్తి పెట్టి విరిస్తే లోపలి నుంచి తెల్లటి నునుపు బయటపడుతుంది. వేలు పెడితే జారిపోతుంది. నిన్న మా కోడలు ఆ ముక్కను పారేయబోతే చేయి పట్టుకుని ఆపాను. మా ఇంట్లో దేన్నీ పారేయడం ఉండదు కనక ఆపానని అనుకుంది. అది కాదు. ఆ నునుపు చూస్తే నాకు ముత్తవ్వ అనే కూలిమనిషి గుర్తొస్తుంది. ఇన్నేళ్ళకు కూడా కోపం వస్తుంది.

మరాఠీ సీమలో ముద్ఖేడ్ దగ్గరి మా ఊళ్ళో కలుపు తీసే ఆడవాళ్ళకు ముత్తవ్వే పెద్ద. మూడో తరగతి మరాఠీ చదువు తప్ప ఏ పనీ రాకుండా కాపురానికి వచ్చిన నాకు కలుపు తవ్వే చిన్న ఇనుప ఖుర్పీ పట్టడం ఆమే నేర్పింది. "వేరు ఇడిచిపెడితే తీసినట్టు గాదు పిల్లా, దాచిపెట్టినట్టు" అనేది. పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకే దాకా పత్తి సాళ్ళలో గొంతుకూర్చుని, లేవకుండా ముందుకు జరుగుతూ పోవాలి. ముప్పై ఏళ్ళు అలా జరిగిన మనిషి ఒక వానాకాలం లేవలేకపోయింది. మోకాళ్ళు ఉబ్బాయి. లేచినప్పుడల్లా లోపల ఇసుక నలిగినట్టు చప్పుడు. చేనుగల పటేలు పనిదొంగ అన్నాడు. ఊరివాళ్ళు వాతపు నీరు చేరిందన్నారు. నీటిని నిప్పుతో ఎండబెట్టాలట. ఆమె కలుపు తీసే ఖుర్పీనే పొయ్యిలో ఎర్రగా కాల్చి, మోకాళ్ళకు వాతలు పెట్టేందుకు కాళ్ళు పట్టుకోమని నన్ను కూర్చోబెట్టారు. నేను పట్టుకున్నాను. "గట్టిగ పట్టు పిల్లా, తంతనేమో" అంది ముత్తవ్వ. తన్నలేదు. అరవలేదు.

వాతలు చీము పట్టాక, అంగడి రోజు బండి మీద ఆమెను ముద్ఖేడ్ దవాఖానకు తీసుకెళ్ళాను. నర్సమ్మ పుండ్లు కడుగుతున్నంతసేపూ మమ్మల్ని తిడుతూనే ఉంది. తర్వాత ఎదుటి మాంసం కొట్టు నుంచి ఒక మేక మోకాలి కీలు తెప్పించి మా ముందు విప్పింది.

"చూడు బాయీ, ఎముక కొసకు ఈ తెల్ల పొర ఉంటది. దీని మీదనే కీలు జారుతది. గొంతుకూసొని గొంతుకూసొని నీది అరిగింది. మొదలు గరుకైతది, పగుళ్ళు వడతది, పొట్టు లేస్తది. ఆ పొట్టుకు ఓర్వలేకనే కీలు నీరు వట్టి ఉబ్బుతది. ఆఖరుకు ఎముకకు ఎముక రాసుకుంటది. తోలు కాలిస్తే లోపలి పొర మొలుస్తదా?"

"అరిగేటప్పుడే నొప్పి పెట్టి ఎందుకు చెప్పలేదమ్మా ఆ పొర?" అని అడిగాను.

"దానికి నరం లేదు, నెత్తురు లేదు. అందుకే నొయ్యదు, అందుకే మల్ల పెరగదు. నొప్పి తెలిసేటప్పటికి అది సగం పోతది."

ముత్తవ్వ ఆ కీలును చాలాసేపు వేలితో నిమిరింది. "మా అసొంటిదే. పని చేసినన్ని రోజులు కిక్కురుమనది" అంది.

ఇక గొంతుకూర్చోవద్దు, ఎత్తు పీట మీద కూర్చొనే పని చేయమని చెప్పి పంపింది నర్సమ్మ. పుండ్లు మానాక ముత్తవ్వ చేనుకు పీట తెచ్చుకుంది. పటేలు చూశాడు. "పీటల మీద కూసునేటందుకు ఇది పెండ్లా?" అని కాలితో తన్నాడు. పీట గట్టు కిందికి దొర్లింది.

"నా పెండ్లినాడు గూడ ఇంత మర్యాద జేయలె పటేలా" అంది ముత్తవ్వ. "నువ్వు ఒక్క సాలు గొంతుకూసొని తియ్యి. నేను పీట ఇడిచిపెడత."

తోటి ఆడవాళ్ళు నవ్వు దాచుకోను కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు గానీ ఎవరూ కదల్లేదు. నేను లేచి వెళ్ళి పీట తెచ్చి ఆమె సాలులో పెట్టాను. అది ధైర్యం కాదు. నిప్పు పెడుతుంటే కాళ్ళు పట్టుకున్న చేతులు, ఇప్పుడు కూడా ఊరుకుంటే ఇక ఎన్నడూ లేవవనిపించింది. "నువ్వు గూడ రేపటి సంది రాకు" అన్నాడు పటేలు. మమ్మల్నిద్దరినీ మళ్ళీ పిలవలేదు. ఊరంతా ఎరిగిన పనిమంతురాలు, ఒక చెక్క పీట కోసం చేనుకు పరాయిదైంది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ రోజూ మా గడపకొచ్చి ఆ పీట మీదే కూర్చొని చింతపండు గింజలు తీసింది. చేను వైపు చూడకుండా వీపు తిప్పి కూర్చొనేది.

ఇప్పుడు నా మోకాళ్ళలోనూ ఇసుక నలుగుతోంది. ఇంకా ఎవరో ఒకరు వాత పెట్టించుకోమంటారు. వాళ్ళకు వాకిలి చూపిస్తాను. కోడలికి ముందు పీట వేసి, తర్వాతే పని చెబుతాను. అత్త మెత్తబడిందని అది నవ్వుకుంటుంది. నవ్వుకోనీ. ఆనాడు తన్నని ఆ రెండు కాళ్ళు నా అరచేతుల్లో ఇంకా అదురుతూనే ఉన్నాయి.