పెద్ద కెమెరాకు ప్లేటు

నిరుడు చనిపోయిన నా పెద్దకొడుకు పెట్టెంత కెమెరాతో ఫొటోలు తీసేవాడు. దాన్ని స్టాండుకు బిగించే ప్లేటు ఇంట్లో ఎక్కడా కనబడలేదు. ఆదివారం ఆ కెమెరాతోనే నన్ను మగ్గం దగ్గర ఫొటో తీస్తానంది కూతురు. అందుకని ఈ రోజు దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సులో తిరుత్తణి పోయాను.

కెమెరాల అంగడాయన చిన్న ప్లేటొకటి, పొడుగు ప్లేటొకటి ముందర పెట్టాడు.

"కెమెరా బరువెంత ఉంటాదమ్మా?"

"నా కొడుకు పుట్టినప్పుడు ఎంతుండెనో అంతే ఉండాదన్నా. మూడు కిలోలు."

ఆయన నవ్వి, పక్కనున్న ఉల్లిపాయల అంగట్లో తూకం వేయించాడు. మూడు కిలోలకు కొంచెం పైనే ఉంది.

"సరిగ్గానే చెప్తివే. చిన్నదానికి ఒకటే స్క్రూ, బరువుకు తిరిగిపోతాది. పొడుగుదానికి రెండు, అదే తీసుకో."

దాన్ని బిగించి, కెమెరాను అంగట్లోని స్టాండు మీద టక్కున కూర్చోబెట్టాడు. నేనూ రెండు చేతులా పట్టుకున్నాను, ఆ చేతులు తియ్యలేదు.

"చెయ్యి వదులమ్మా, పడదు."

"పడదని నాకూ తెలుసులేన్నా. ఇంకా కాసేపు ఉండనీ."

నా వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు. ఆయన వాళ్లకు టీ చెప్పాడు, నన్ను వదలమని మళ్లీ అడగలేదు. వాళ్ల టీ అయిపోయాక వదిలాను. మీరైతే ఎప్పుడు వదిలేవాళ్లో చెప్పండి.